మోరిస్ లూయిస్

మోరిస్ లూయిస్ (నవంబర్ 28, 1912 - సెప్టెంబర్ 7, 1962) ఇరవయ్యవ శతాబ్దానికి చెందిన ప్రసిద్ధ అమెరికన్ చిత్రకారుడు. ఇతని అసలు పేరు మోరిస్ లూయిస్ బెర్న్‌స్టీన్. యాక్రిలిక్ రెసిన్‌తో తయారైన మాగ్నా అనే రంగును బాగా పలుచన చేసి, పూత వేయని నూలు కాన్వాసు మీద పోసి, అది గుడ్డ పోగుల్లోకి ఇంకిపోయేటట్లు చేసే పద్ధతికి ఇతడు పేరుపొందాడు. వాషింగ్టన్ నగరంలోని తన ఇంటి భోజనాల గదినే చిత్రశాలగా చేసుకుని, చివరి ఎనిమిదేళ్ళలో ఆరువందలకు పైగా చిత్రాలు రచించాడు. వాటిలో పెద్ద చిత్రాలు అనేకం ఆ గది కంటే వెడల్పైనవి. అందువల్ల తాను గీసిన ముఖ్యమైన చిత్రాలలో చాలా వాటిని పూర్తిగా విప్పి, గోడకు తగిలించి చూసుకునే అవకాశం ఇతనికి కలగలేదు. నలభై తొమ్మిదేళ్ళ వయస్సులో మరణించిన లూయిస్ జీవితకాలంలో చిత్రకారుల వర్గానికి, కొద్దిమంది విమర్శకులకు మాత్రమే తెలిసినవాడు. మరణానంతరం వాషింగ్టన్ కలర్ స్కూల్ అనే చిత్రకారుల బృందానికి ఆద్యులలో ఒకడుగా గుర్తింపు పొందాడు.

బాల్యం, విద్యాభ్యాసం

లూయిస్ 1912 నవంబర్ 28న మేరీలాండ్ రాష్ట్రంలోని బాల్టిమోర్ నగరంలో జన్మించాడు. ఇతని తల్లిదండ్రులు రష్యా నుండి అమెరికాకు వలస వచ్చిన యూదులు. నలుగురు అన్నదమ్ములలో ఇతడు మూడవవాడు. వలస వచ్చిన కుటుంబాలలో పిల్లలు స్థిరమైన వృత్తులలో కుదురుకోవాలని పెద్దలు కోరుకోవడం సహజం. లూయిస్ మాత్రం చిన్నతనంలోనే చిత్రకళను ఎన్నుకున్నాడు.

ఉపకార వేతనంతో బాల్టిమోర్‌లోని మేరీలాండ్ ఇన్‌స్టిట్యూట్‌లో 1929 నుండి చిత్రకళ అభ్యసించాడు. అయితే చదువు పూర్తికావడానికి కొద్దికాలం ముందే దానిని విడిచిపెట్టాడు. అవి అమెరికాలో ఆర్థిక మాంద్యం తీవ్రంగా ఉన్న రోజులు. చిల్లర పనులు చేసి పొట్టపోసుకుంటూ, మిగిలిన సమయంలో బొమ్మలు వేసుకునేవాడు. 1935లో బాల్టిమోర్ చిత్రకారుల సంఘానికి అధ్యక్షుడయ్యాడు. ఇరవై మూడేళ్ళ వయస్సులో సంఘానికి అధ్యక్షుడైన ఈ యువకుడే తరువాతి కాలంలో ఎవరితోనూ కలవని ఏకాంతవాసిగా మారడం విచిత్రంగా తోస్తుంది.

న్యూయార్కులో

1936లో లూయిస్ న్యూయార్కు చేరి నాలుగేళ్ళపాటు అక్కడ నివసించాడు. నిరుద్యోగులైన కళాకారులకు ప్రభుత్వం పని కల్పించిన ఫెడరల్ ఆర్ట్ ప్రాజెక్టులో చిత్రకారుల విభాగంలో పనిచేశాడు. ఆ ప్రాజెక్టు ఇచ్చే జీతం కొద్దిపాటిదే అయినా, ఒక తరం అమెరికన్ చిత్రకారులు కుంచె వదలకుండా నిలబడింది దాని వల్లనే. ఆర్షైల్ గోర్కీ, జాక్ ట్వార్కోవ్ మొదలైన చిత్రకారులతో లూయిస్‌కు పరిచయమైంది ఈ కాలంలోనే. ఇంటిపేరైన బెర్న్‌స్టీన్‌ను విడిచి మోరిస్ లూయిస్ అని మాత్రమే వ్యవహరించుకోవడం కూడా ఇక్కడే మొదలైంది.

మెక్సికోకు చెందిన సుప్రసిద్ధ కుడ్యచిత్రకారుడు డేవిడ్ ఆల్ఫారో సికేరోస్ 1936లో న్యూయార్కులో ఒక ప్రయోగశాలను నడిపాడు. కార్లకు వేసే లక్కరు రంగులను, ఇతర పారిశ్రామిక రంగులను చిత్రకళలోకి తేవాలన్నది అతని ఆశయం. రంగును కుంచెతో పూయడమే గాక పోయడం, చిమ్మడం, కార్చడం వంటి ప్రయోగాలు అక్కడ జరిగేవి. లూయిస్ ఆ ప్రయోగశాలకు వెళ్ళేవాడు. అదే 1912లో పుట్టిన జాక్సన్ పొలాక్ కూడా అక్కడ పనిచేశాడు. రంగును పోసి చిత్రాలు వేయడంలో ఈ ఇద్దరూ తరువాత రెండు భిన్న మార్గాలు తొక్కారు. పొలాక్ రంగు గుడ్డ మీద దారాలుగా నిలబడుతుంది. లూయిస్ రంగు గుడ్డలో కలిసిపోతుంది. అయితే న్యూయార్కు రోజుల్లో లూయిస్ వేసిన బొమ్మలు శ్రమజీవుల జీవితాన్ని చిత్రించే సాధారణ ధోరణిలోనే ఉండేవి. 1940లో అతడు బాల్టిమోర్ తిరిగివచ్చాడు.

మాగ్నా రంగు

లూయిస్ చిత్రకళను అర్థం చేసుకోవాలంటే అతడు వాడిన రంగును గురించి కొంత తెలుసుకోవడం అవసరం. ఏ రంగులోనైనా ముఖ్యంగా రెండు భాగాలుంటాయి. ఒకటి వర్ణకం, అనగా రంగు పొడి. రెండవది ఆ పొడిని పట్టి ఉంచే బంధకం. నీటి రంగులలో తుమ్మ బంక వంటి జిగురు, తైలవర్ణాలలో అవిసె నూనె బంధకాలుగా పనిచేస్తాయి. అవిసె నూనె ఆరడానికి రోజులు, ఒక్కొక్కప్పుడు నెలలు పడుతుంది. అంతేగాక పూత లేని గుడ్డ మీద నూనె పడితే, చుట్టూ జిడ్డు వలయం ఏర్పడడం, కాలక్రమంలో గుడ్డ పెళుసెక్కి చివికిపోవడం జరుగుతుంది. అందుకే చిత్రకారులు శతాబ్దాలుగా గుడ్డకు ముందు సరేసు, సుద్ద పూత వేసి, దాని మీదనే తైలవర్ణాలు వాడుతూ వచ్చారు.

న్యూయార్కులో చేతితో రంగులు నూరి అమ్మే లియొనార్డ్ బొకూర్, అతనితో పనిచేసే శామ్ గోల్డెన్ కలిసి 1940ల చివరలో యాక్రిలిక్ రెసిన్ బంధకంగా గల ఒక కొత్త రంగును తయారుచేశారు. దాని పేరు మాగ్నా. కళాకారుల కోసం తయారైన తొలి యాక్రిలిక్ రంగు ఇదే. ఈనాడు దుకాణాలలో యాక్రిలిక్ పేరుతో దొరికే రంగులు నీటిలో కలిసేవి. మాగ్నా అటువంటిది కాదు. అది టర్పెంటైన్‌లో కరిగేది. నీటితో పలుచన చేసే యాక్రిలిక్ రంగులు 1950ల మధ్యలో గాని మార్కెట్లోకి రాలేదు. మాగ్నా త్వరగా ఆరుతుంది, నూనెలాగా పసుపెక్కదు, ఎంత పలుచన చేసినా వర్ణకం వన్నె తగ్గదు. టర్పెంటైన్ ఆవిరైపోగానే రెసిన్ పోగులకు అంటుకుని నిలిచిపోతుంది. తరువాతి కాలంలో రాయ్ లిక్టెన్‌స్టీన్ వంటి చిత్రకారులు కూడా మాగ్నాను విరివిగా వాడారు.

బొకూర్‌తో లూయిస్‌కు న్యూయార్కు రోజుల నుండే పరిచయం ఉంది. 1948 నుండి అతడు మాగ్నా వాడకం ప్రారంభించాడు. అప్పటి నుండి చనిపోయే వరకు ఇదే అతని ప్రధాన సాధనం. రంగు గురించి, దాని చిక్కదనం గురించి, తనకు కావలసిన పరిమాణాల గురించి లూయిస్ బొకూర్‌కు తరచు ఉత్తరాలు రాసేవాడు. తన చిత్రాల అర్థం గురించి దాదాపు ఏమీ రాయని మనిషి రంగు డబ్బాల గురించి ఇంత శ్రద్ధగా రాయడం గమనార్హం.

వివాహం, వాషింగ్టన్ నివాసం

1947లో లూయిస్ మార్సెల్లా సీగెల్‌ను వివాహమాడాడు. దంపతులు మొదట వాషింగ్టన్ పొలిమేరలోని సిల్వర్ స్ప్రింగ్‌లో ఒక చిన్న అపార్ట్‌మెంటులో నివసించారు. మార్సెల్లా ఉద్యోగం చేసేది. ఇంటి ఖర్చులు ప్రధానంగా ఆమె జీతంతోనే గడిచేవి. లూయిస్ పూర్తికాల చిత్రకారుడుగా నిలబడగలగడానికి ఇదే ఆధారం. చిత్రకారుల జీవితచరిత్రలలో ఇటువంటి విషయాలను ఒక వాక్యంతో సరిపెట్టడం మామూలు. కాని రంగు, గుడ్డ ఖరీదైన వస్తువులు. చిత్రాలు అమ్ముడుపోని సంవత్సరాలలో వాటిని కొన్నది ఈ జీతమేనన్న సంగతిని విస్మరించరాదు.

1951లో లూయిస్ నల్లని నేపథ్యం మీద తెల్లని గీతలతో ఒక చిత్రశ్రేణిని రచించాడు. దీని పేరుకు స్థూలంగా కాలిన దినచర్య పుస్తకం అని అర్థం. నాజీలు జర్మనీలో పుస్తకాలను తగులబెట్టిన ఘటనలకు ఇది ప్రతిస్పందన అని విమర్శకులు భావిస్తారు. లూయిస్ రచనలలో చరిత్రను సూటిగా ప్రస్తావించినవి ఇవే అని చెప్పవచ్చు.

1952లో దంపతులు వాషింగ్టన్ నగరంలో లెగేషన్ వీధిలోని ఇంటికి మారారు. ఆ సంవత్సరమే లూయిస్ వాషింగ్టన్ వర్క్‌షాప్ సెంటర్ అనే కళాకేంద్రంలో బోధకుడుగా చేరాడు. అక్కడే బోధిస్తున్న కెన్నెత్ నోలండ్ (1924-2010) ఇతనికి మిత్రుడయ్యాడు. నోలండ్ లూయిస్ కంటే పన్నెండేళ్ళు చిన్నవాడు, చొరవ గలవాడు, న్యూయార్కు కళారంగంతో సంబంధాలు ఉన్నవాడు. లూయిస్ మితభాషి. ఈ స్నేహం లేకపోతే తరువాతి కథ జరిగేది కాదు.

1953 ఏప్రిల్ ప్రయాణం

1953 ఏప్రిల్ మొదటివారంలో నోలండ్, లూయిస్ కలిసి న్యూయార్కు వెళ్ళారు. నోలండ్ తన మిత్రుడైన ప్రముఖ కళావిమర్శకుడు క్లెమెంట్ గ్రీన్‌బర్గ్‌కు (1909-1994) లూయిస్‌ను పరిచయం చేశాడు. గ్రీన్‌బర్గ్ వారిద్దరినీ హెలెన్ ఫ్రాంకెన్‌థేలర్ (1928-2011) చిత్రశాలకు తీసుకువెళ్ళాడు. అప్పటికి ఆమె వయస్సు ఇరవై నాలుగేళ్ళు. ఆమె 1952లో రచించిన పర్వతాలు, సముద్రం అనే పెద్ద చిత్రం అక్కడ ఉంది. తైలవర్ణాలను టర్పెంటైన్‌తో నీళ్ళవలె పలుచన చేసి, పూత లేని కాన్వాసును నేల మీద పరచి, ఆమె ఆ చిత్రాన్ని వేసింది. రంగు గుడ్డ పైన పొరగా నిలవకుండా అద్దకం వేసినట్లు లోపలికి ఇంకింది.

ఈ చిత్రం లూయిస్‌ను తీవ్రంగా ప్రభావితం చేసింది. నలభై ఏళ్ళు నిండిన చిత్రకారుడు, ఇరవై ఏళ్ళుగా నేర్చిన పద్ధతులను పక్కనపెట్టి, తన కంటే పదహారేళ్ళు చిన్నదైన ఒక యువతి చూపిన దారిలో మళ్ళీ మొదటి నుండి ప్రారంభించాడు. వాషింగ్టన్ తిరిగివచ్చాక లూయిస్, నోలండ్ కొద్దివారాలపాటు ఒకే కాన్వాసు మీద ఇద్దరూ కలిసి రంగులు పోస్తూ ప్రయోగాలు చేశారు. పాత అలవాట్లను వదిలించుకోవడమే ఆ ప్రయోగాల ఉద్దేశం.

ఫ్రాంకెన్‌థేలర్ పద్ధతిని లూయిస్ ఉన్నదున్నట్లు అనుకరించలేదు. ఆమె వాడినది నూనె రంగు. ఆ చిత్రంలో రంగు మరకల చుట్టూ నూనె వలయాలు ఏర్పడ్డాయి. లూయిస్ వద్ద అప్పటికే మాగ్నా ఉంది. రెసిన్ బంధకం కాబట్టి నూనె వలయం రాదు, గుడ్డ చివకదు. ఒక పొర త్వరగా ఆరుతుంది కనుక దాని మీద మరొక పలుచని పొర పోసినా రెండూ బురదగా కలిసిపోవు. ఐదేళ్ళుగా అతని చేతిలో ఉన్న రంగుకు తగిన పని ఇప్పుడు దొరికింది.

ఇక్కడ తెలుగు పాఠకులకు ఒక పోలిక ఉపయోగపడవచ్చు. శ్రీకాళహస్తి కలంకారీలో గుడ్డను ముందుగా కరక్కాయ, పాలతో నానబెడతారు. రంగు గీత దాటి పాకకుండా ఉండటానికి ఇది తోడ్పడుతుంది. లూయిస్ ఇందుకు పూర్తిగా భిన్నంగా, పాకే స్వభావాన్నే చిత్రానికి ఆధారం చేసుకున్నాడు. ఈ రెండింటికీ మధ్య చారిత్రక సంబంధం ఏదీ లేదు.

తెరలు

1954లో లూయిస్ కొత్త పద్ధతిలో తన మొదటి ముఖ్యమైన చిత్రశ్రేణిని రచించాడు. వీటిని విమర్శకులు వెయిల్స్ అని పిలిచారు. ఆ పదానికి మేలిముసుగులు, పలుచని తెరలు అని అర్థం. లూయిస్ చిత్రశ్రేణుల పేర్లకు తెలుగులో స్థిరపడిన రూపాలు లేనందున ఈ వ్యాసంలో వాటిని తెరలు, విప్పారినవి, చారలు అని వ్యవహరిస్తున్నాము. ఈ చిత్రాలలో ఒకదాని మీద ఒకటిగా పోసిన అనేక వర్ణాలు కలిసి ఒక విశాలమైన, పారదర్శకమైన ఆకారంగా కనిపిస్తాయి. చాలా చిత్రాలలో చివరగా నల్లని లేదా గోధుమవన్నె పలుచని పొరను అన్నిటి మీదా పోసేవాడు. దాంతో లోపలి ఎరుపు, పసుపు, ఆకుపచ్చ అన్నీ అణగి, మొత్తం చిత్రానికి కంచు వన్నె వస్తుంది. అంచుల వద్ద మాత్రం లోపలి రంగులు ఒక్కొక్కటిగా బయటపడతాయి. అడుగున ఎన్ని రంగులున్నాయో చూపరికి తెలిసేది ఈ అంచులను చూసినప్పుడే.

1954 జనవరిలో గ్రీన్‌బర్గ్ న్యూయార్కులోని కూట్జ్ గ్యాలరీలో ఏర్పాటుచేసిన కొత్త చిత్రకారుల ప్రదర్శనలో లూయిస్‌కు చోటు కల్పించాడు. కాని ఆ తరువాత లూయిస్ ఈ మార్గంలో కొనసాగలేదు. 1955 నుండి 1957 వరకు మళ్ళీ నాటి న్యూయార్కు చిత్రకారుల ధోరణిలో, ఉద్వేగభరితమైన కుంచె విన్యాసాలతో చిత్రాలు వేశాడు. 1957 నవంబరులో న్యూయార్కులోని మార్తా జాక్సన్ గ్యాలరీలో ఈ చిత్రాలతో అతని ప్రదర్శన జరిగింది. గ్రీన్‌బర్గ్‌కు ఇవి నచ్చలేదు. ఆ తరువాత లూయిస్ ఈ మూడేళ్ళలో వేసిన చిత్రాలలో అధికభాగాన్ని స్వయంగా నాశనం చేశాడు. అప్పటికి బయటకు వెళ్ళిపోయిన కొన్ని మాత్రమే మిగిలాయి. విమర్శకుని మాట మీద ఒక కళాకారుడు మూడేళ్ళ శ్రమను తుడిచివేయడం సమంజసమా అన్న ప్రశ్న తరువాతి రచయితలు అనేకసార్లు లేవనెత్తారు. మిగిలిన కొద్ది చిత్రాలను చూసినవారికి లూయిస్ నిర్ణయం కేవలం విధేయత వల్ల తీసుకున్నది కాదనిపిస్తుంది. అవి ఎవరైనా వేయగలిగినవి. 1954 నాటివి అతడు మాత్రమే వేయగలిగినవి.

1958లో అతడు తెరల వద్దకు తిరిగివచ్చి, మరుసటి సంవత్సరం దాకా మరింత పెద్ద కాన్వాసుల మీద ఆ శ్రేణిని కొనసాగించాడు. టెట్ (1958), దాలెత్ కాఫ్ (1959), సారాబాండ్ (1959) ఈ దశకు చెందినవి. గ్రీన్‌బర్గ్ సలహాదారుగా ఉన్న న్యూయార్కులోని ఫ్రెంచ్ అండ్ కంపెనీలో 1959, 1960 సంవత్సరాలలో లూయిస్ ప్రదర్శనలు జరిగాయి. 1960లో గ్రీన్‌బర్గ్ లూయిస్, నోలండ్‌ల గురించి రాసిన వ్యాసం వీరిద్దరి పేర్లను ఐరోపా వరకు చేర్చింది. అదే సంవత్సరం లండన్‌లో కూడా లూయిస్ చిత్రాలు ప్రదర్శితమయ్యాయి.

చిత్రశాల, పని పద్ధతి

లెగేషన్ వీధిలోని ఇంటిలో భోజనాల గది సుమారు పన్నెండడుగుల వెడల్పు, పద్నాలుగడుగుల పొడవు గలది. లూయిస్ చిత్రశాల అదే. ప్రతిరోజూ ఉదయం మార్సెల్లా ఉద్యోగానికి వెళ్ళిన తరువాత పని ప్రారంభించి, ఆమె తిరిగివచ్చే సమయానికి ముగించేవాడు. కాన్వాసులు చుట్టి, రంగులు సర్ది, గదిని శుభ్రం చేసి ఉంచేవాడు. పనిచేస్తున్నప్పుడు ఎవరినీ లోనికి రానిచ్చేవాడు కాదు. పదిహేనేళ్ళు కాపురం చేసిన మార్సెల్లా కూడా అతడు రంగు పోస్తుండగా చూడలేదు. సన్నిహిత మిత్రుడైన నోలండ్‌కు సైతం తన పద్ధతిని వివరించలేదు. పని చేస్తుండగా తీసిన ఛాయాచిత్రాలు గాని, చలనచిత్రం గాని లేవు. పొలాక్ రంగు చిమ్ముతుండగా తీసిన చలనచిత్రం ప్రపంచమంతటా ప్రసిద్ధమైన దశాబ్దంలోనే ఇది జరిగింది.

అందువల్ల లూయిస్ పద్ధతిని గురించి మనకు తెలిసినదంతా చిత్రాలను పరిశీలించి పరిరక్షకులు, కళాచరిత్రకారులు ఊహించినదే. పూత లేని నూలు కాన్వాసును ఒక చెక్క చట్రానికి వదులుగా బిగించేవాడని, పై అంచు నుండి రంగు పోసి, గుడ్డను వంచుతూ, మడతలు వేస్తూ ప్రవాహాన్ని నడిపించేవాడని భావిస్తున్నారు. కొన్ని తెరల మధ్యలో నిలువుగా కనిపించే గీతలు వెనుకనున్న చట్రపు కొయ్యల ఆనవాళ్ళు. రంగు అక్కడ కొయ్యకు తగిలి దారి మార్చుకుంది. గుడ్డ చుట్టిన కర్రతో అవసరమైనచోట రంగును జరిపి ఉండవచ్చని కూడా అంటారు. తప్పు దిద్దుకునే వీలు ఈ పద్ధతిలో లేదు. తైలవర్ణ చిత్రంలో నచ్చని భాగాన్ని గీకివేయవచ్చు, దాని మీద మళ్ళీ వేయవచ్చు. గుడ్డలోకి ఇంకిన రంగును తీయలేము. చిత్రం కుదరకపోతే కాన్వాసును పారవేయవలసిందే.

రంగు చిక్కదనం మీదే సమస్తం ఆధారపడి ఉండేది. మరీ పలుచనైతే అదుపు తప్పి పాకుతుంది. మరీ చిక్కనైతే గుడ్డలోకి ఇంకక పైన జిగురుపొరగా నిలుస్తుంది. టర్పెంటైన్‌తో పాటు యాక్రిలిక్ రెసిన్‌ను కూడా విడిగా కలిపి లూయిస్ తనకు కావలసిన పాకం తయారుచేసుకునేవాడు. గొట్టాలలో వచ్చే మాగ్నా వెన్నలాగా గట్టిగా ఉండేది. దానిని కరిగించడం శ్రమతో కూడిన పని. 1960లో బొకూర్ సంస్థ ఇతని అవసరానికి తగినట్లుగా మరింత ద్రవరూపంలో ఉండే రంగును సిద్ధం చేసింది. లూయిస్ చిత్రాలలో ఆ సంవత్సరం వచ్చిన మార్పుకు ఈ కొత్త రంగు ఒక ముఖ్య కారణం. అణగిన కంచు వన్నెలు పోయి, స్వచ్ఛమైన, గాఢమైన వర్ణాలు దేనికది విడివిడిగా కనిపించసాగాయి.

విప్పారినవి

1960 వేసవి నుండి 1961 ఆరంభం వరకు రచించిన అన్‌ఫర్ల్‌డ్ శ్రేణిని లూయిస్ కళకు పరాకాష్ఠగా చాలామంది పరిగణిస్తారు. లూయిస్ స్వయంగా కూడా వీటికే ఎక్కువ విలువనిచ్చాడు. చుట్టిన జెండా గాని, తెరచాప గాని విప్పుకున్నట్లు ఉండటం వల్ల ఈ పేరు వచ్చింది. వీటిలో రంగుల పాయలు కాన్వాసు ఎడమ, కుడి అంచుల నుండి బయలుదేరి, ఏటవాలుగా కిందికి ప్రవహిస్తాయి. ఒక్కొక్క పాయ ఒక్కొక్క రంగు. మధ్యభాగం మొత్తం ఏ రంగూ లేని వట్టి గుడ్డ. చిత్రంలో అత్యధిక వైశాల్యం ఈ శూన్యానిదే. మొదటిసారి చూసేవారికి చిత్రకారుడు మధ్యలో వేయడం మరచిపోయాడా అనిపించినా ఆశ్చర్యం లేదు. కొంతసేపు చూస్తే ఆ తెల్లని ఖాళీ వెనుకకు జరుగుతున్నట్లు గాక ముందుకు వస్తున్నట్లు తోస్తుంది.

లండన్‌లోని టేట్ సంగ్రహాలయంలో ఉన్న ఆల్ఫా-ఫై (1961) ఈ శ్రేణిలోనిదే. దీని ఎత్తు 259.1 సెంటీమీటర్లు, వెడల్పు 459.7 సెంటీమీటర్లు, అనగా సుమారు ఎనిమిదిన్నర అడుగుల ఎత్తు, పదిహేను అడుగుల వెడల్పు. లూయిస్ గది పొడవు పద్నాలుగడుగులు. ఈ శ్రేణిలో ఇంతకంటే వెడల్పైనవి కూడా ఉన్నాయి. కాబట్టి గుడ్డను మడిచి, ఒకసారికి ఒక పక్క మాత్రమే తెరచి రంగు పోసి ఉండాలి. ఎడమవైపు పాయలు వేసేటప్పుడు కుడివైపు కనపడదు. అయినా రెండు వైపులా సరితూగుతాయి. మధ్యనున్న ఖాళీ ఎంత విశాలంగా ఉంటుందో కూడా ఊహించుకోవలసిందే గాని ఆ గదిలో నిలబడి చూడటం సాధ్యం కాదు. ఆరిన వెంటనే కాన్వాసును చుట్టి పక్కన పెట్టేవాడు. ఈ శ్రేణిలో నూరుకు పైగా చిత్రాలు వేసినప్పటికీ అతని జీవితకాలంలో చట్రానికి బిగించి ప్రదర్శించినవి అతి స్వల్పం.

చారలు

1961 నుండి లూయిస్ చారల చిత్రాలు వేయసాగాడు. పేరుకు తగినట్లుగా ఇవి నిలువు పట్టీలు. చిక్కని రంగుల చారలు పక్కపక్కన తగులుతూ, ఒకదానిలో ఒకటి కొద్దిగా ఒరుసుకుంటూ కట్టగా నిలబడతాయి. చుట్టూ ఖాళీ కాన్వాసు ఉంటుంది. ఇవి తెరల కంటే ఇరుకైనవి, విప్పారిన చిత్రాల కంటే చిన్నవి. ఇళ్ళలోను, గ్యాలరీలలోను తగిలించుకోవడానికి అనువైనవి కాబట్టి త్వరగా ప్రచారం పొందాయి. ఏడాదిన్నర కాలంలో రెండు వందలకు పైగా చారల చిత్రాలు వేశాడు. పార్టిషన్ (1962) వీటిలో ఒకటి. న్యూయార్కులోని ఆంద్రే ఎమెరిక్ గ్యాలరీ 1961 నుండి ఇతని చిత్రాలను ప్రదర్శించింది. ఎన్నో ఏళ్ళ తరువాత చిత్రాలు కొంతవరకు అమ్ముడుపోవడం ప్రారంభమైంది.

అనారోగ్యం, మరణం

1962 జూలైలో లూయిస్‌కు ఊపిరితిత్తుల క్యాన్సరు ఉన్నట్లు వైద్యులు గుర్తించారు. శస్త్రచికిత్స జరిగినా ఫలితం లేకపోయింది. 1962 సెప్టెంబర్ 7న వాషింగ్టన్‌లోని స్వగృహంలో మరణించాడు. అక్టోబరులో ఎమెరిక్ గ్యాలరీలో జరగవలసిన చారల చిత్రాల ప్రదర్శన అతడు లేకుండానే జరిగింది.

చిన్న గదిలో ఏళ్ళ తరబడి టర్పెంటైన్, రంగుల ఆవిరులు పీల్చడమే ఈ వ్యాధికి కారణమని సాధారణంగా చెబుతారు. ఒక వ్యక్తికి క్యాన్సరు ఫలానా కారణం వల్లనే వచ్చిందని నిరూపించడం కష్టం. అయితే ఒక్కొక్క చిత్రానికి పెద్ద మొత్తంలో ద్రావకం ఆవిరయ్యేదని, ఆ గది ఒక మామూలు ఇంటి గది మాత్రమేనని మరువరాదు. యాక్రిలిక్, రెసిన్‌లతో పనిచేసే నేటి చిత్రకారులకు గాలి ఆడే ఏర్పాటు గురించి, ముఖానికి ధరించే రక్షణ గురించి చెప్పే పాఠాలు ఆనాడు లేవు.

మరణానంతరం

మార్సెల్లాకు భోజనాల గదిలోను, ఇంటిలోను వందల కొద్దీ చుట్టిన కాన్వాసులు మిగిలాయి. వాటిలో చాలా వాటికి పేర్లు లేవు. కొన్నిటికి ఏది పైభాగమో, ఏది కిందిభాగమో కూడా నిర్ణయం కాలేదు. ఇప్పుడు సంగ్రహాలయాలలో కనిపించే పేర్లలో అధికభాగం లూయిస్ పెట్టినవి కావు. గుర్తింపు కోసం ఆయన మరణానంతరం తెరలకు హీబ్రూ అక్షరాల పేర్లు, విప్పారిన చిత్రాలకు గ్రీకు అక్షరాల పేర్లు పెట్టారు. కాబట్టి టెట్, ఆల్ఫా-ఫై వంటి పేర్లలో గూఢార్థాలు వెదకడం నిరర్థకం. లూయిస్ యూదుడైనందున హీబ్రూ పేర్ల ఆధారంగా మతపరమైన వ్యాఖ్యానాలు చేసినవారు లేకపోలేదు.

తగిలించే దిశ గురించిన చర్చ కూడా ఉంది. అనేక తెరలను, చారలను రంగు పోసిన దిశకు తలకిందులుగా తగిలించారు. రంగు కిందికి కారినా, గోడ మీద చూసేటప్పుడు మంటలాగా, మొక్కలాగా పైకి లేస్తున్నట్లు కనబడుతుంది. కొన్నిటి విషయంలో ఇది లూయిస్ సమ్మతితో జరిగింది.

1963లో న్యూయార్కులోని గుగెన్‌హైమ్ సంగ్రహాలయం సంస్మరణ ప్రదర్శన నిర్వహించింది. 1964లో వెనిస్ ద్వైవార్షిక ప్రదర్శనలో ఇతని చిత్రాలు ఉంచారు. 1965లో వాషింగ్టన్‌లో జరిగిన వాషింగ్టన్ వర్ణ చిత్రకారులు అనే ప్రదర్శనలో లూయిస్, నోలండ్‌లతో పాటు జీన్ డేవిస్, థామస్ డౌనింగ్, హోవర్డ్ మెహ్రింగ్, పాల్ రీడ్ చిత్రాలున్నాయి. వాషింగ్టన్ కలర్ స్కూల్ అనే పేరు స్థిరపడింది దీని తరువాతనే. అప్పటికి లూయిస్ చనిపోయి మూడేళ్ళు. తాను ఒక బృందానికి చెందినవాడనని అతడెన్నడూ అనుకుని ఉండడు. 1985లో డయాన్ అప్‌రైట్ ఇతని చిత్రాల సమగ్ర పట్టికను ప్రచురించింది. 1986లో న్యూయార్కులోని ఆధునిక కళా సంగ్రహాలయంలో జాన్ ఎల్డర్‌ఫీల్డ్ ఆధ్వర్యంలో పెద్ద ప్రదర్శన జరిగింది. 2006లో అట్లాంటాలోని హై సంగ్రహాలయంలో మొదలైన మరొక ప్రదర్శన 2007లో వాషింగ్టన్‌లోని హిర్ష్‌హార్న్ సంగ్రహాలయానికి చేరింది.

గ్రీన్‌బర్గ్ ప్రాబల్యం తగ్గిన తరువాత లూయిస్ కీర్తి కూడా కొంత తగ్గింది. ఈ చిత్రాలు కేవలం అలంకారప్రాయమైనవని, విమర్శకుని సిద్ధాంతానికి ఉదాహరణలుగా వేసినవని ఆక్షేపణలు వచ్చాయి. చిన్న ముద్రణలలో చూస్తే ఈ ఆక్షేపణ నిజమేననిపిస్తుంది. పుస్తకంలో అరచేయి వెడల్పున అచ్చయిన తెర ఒక మరకలాగా మాత్రమే కనబడుతుంది. వీటి అసలు పరిమాణం, గుడ్డ నేత, అంచుల వద్ద విడివడే రంగులు ముద్రణలో రావు.

పరిరక్షణ

పూత లేని కాన్వాసు మీద వేసినందువల్ల లూయిస్ చిత్రాలను కాపాడటం కష్టమైన పని. ఖాళీగా వదిలిన గుడ్డ చిత్రంలో భాగమే కాబట్టి దాని మీద పడిన దుమ్ము, వేలిముద్ర, తేమ మరక అన్నీ చిత్రం మీద పడినట్లే. వార్నిష్ పూయడానికి వీలులేదు. పూస్తే గుడ్డ రంగు మారుతుంది. మాగ్నాలోని రెసిన్ ఆరిన తరువాత కూడా ద్రావకాలలో మళ్ళీ కరిగే స్వభావం గలది. కనుక తైలవర్ణ చిత్రాలను శుభ్రపరిచే మామూలు ద్రవాలు వీటికి పనికిరావు. నూలు గుడ్డ వయస్సుతో పాటు పసుపెక్కుతుంది. రెసిన్ నిలకడగా ఉండి గుడ్డ మారితే, రంగుకు, ఖాళీకి మధ్య లూయిస్ ఉద్దేశించిన తేడా క్రమంగా తగ్గిపోతుంది. సంగ్రహాలయాలు అందుకే వీటిని మితమైన వెలుతురులో ఉంచుతాయి.

మార్సెల్లా

మార్సెల్లా తరువాత పునర్వివాహం చేసుకుని మార్సెల్లా లూయిస్ బ్రెనర్‌గా ప్రసిద్ధురాలైంది. లూయిస్ చిత్రాలను సంగ్రహాలయాలకు చేర్చడంలో, వాటి వివరాలు నమోదు చేయించడంలో దశాబ్దాలపాటు కృషి చేసింది. 1974లో జార్జ్ వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో సంగ్రహాలయ విద్యా శిక్షణ కార్యక్రమాన్ని స్థాపించింది. 2007లో మరణించింది. లూయిస్ చదువు పూర్తిచేయకుండా విడిచిపెట్టిన బాల్టిమోర్ కళాశాల వద్దనే నేడు అతని చిత్రాల హక్కులు ఉన్నాయి. వాషింగ్టన్‌లోని జాతీయ చిత్రశాలలో బీటా కాపా (1961), హిర్ష్‌హార్న్ సంగ్రహాలయంలో పాయింట్ ఆఫ్ ట్రాంక్విలిటీ (1959-60), న్యూయార్కులోని విట్నీ సంగ్రహాలయంలో టెట్, గుగెన్‌హైమ్‌లో సారాబాండ్ ఉన్నాయి.